పాత గ్రామఫోన్ పెట్టె: మురికి పోవాలి, పాలిష్ మిగలాలి

పాత గ్రామఫోన్ ఒకటి చేతికి వచ్చిందనుకోండి. స్ప్రింగు పనిచేస్తుందా, ప్లేటు తిరుగుతుందా అని చూసేలోపే కళ్లు పెట్టె మీద పడతాయి. నల్లబడి, జిడ్డు పట్టి, కర్ర అసలు రంగేమిటో తెలియకుండా ఉంటుంది. పక్కనున్న వాళ్లెవరో "ఉప్పు కాగితం పట్టించి కొత్త పాలిష్ కొడితే మెరిసిపోతుంది" అంటారు. ఆ పని మాత్రం చేయకండి.

ఆ నలుపు కింద, పెట్టె తయారైన నాటి పాలిష్ చాలాసార్లు బాగానే ఉంటుంది. మనకు నల్లగా కనిపించేది దీపాల మసి, పొగాకు పొగ, చేతుల జిడ్డు, ఏళ్ల తరబడి ఒకదాని మీద ఒకటి పూసిన మైనాలు, నూనెలు, వాటికి అంటుకున్న దుమ్ము. ఇదంతా పాలిష్ మీద పేరుకున్న వేరే పొర. దాన్ని తీసేసి పాలిష్‌ను అలాగే ఉంచడమే మనం చేయాల్సింది. పాత పెట్టెల్లో ఆ అందమైన ఎరుపు, గోధుమ రంగు కర్రలోనే ఉందనుకుంటాం. నిజానికి అందులో చాలా భాగం కర్రకు పట్టించిన రంగుది, పాలిష్‌ది. గీకితే రెండూ పోతాయి. మళ్లీ అదే రంగు కలపడం ఎంత పనితనం ఉన్నవాళ్లకైనా కష్టం. సేకరించేవాళ్లు కూడా కొత్త పాలిష్‌తో తళతళలాడే పెట్టె కంటే, కొంచెం అరిగినా అసలు పాలిష్ ఉన్న పెట్టెకే ఎక్కువ విలువ ఇస్తారు.

ఈ పనికి రెండు మూడు రోజులు కేటాయించండి. చేసే పని కంటే ఆగి, ఆరనిచ్చి, చూసుకునే సమయమే ఎక్కువ.

మీ పెట్టె ఏ రకం?

ఎడిసన్ 1877లో ఫోనోగ్రాఫ్ కనిపెట్టాడు. తర్వాత చాలా ఏళ్ల వరకు ఈ యంత్రాలకు పైన పెద్ద బూర ఉండేది, కింద చిన్న కర్రపెట్టె ఉండేది. ఎడిసన్ సిలిండర్ యంత్రాల పెట్టెలు ఎక్కువగా ఓక్ కర్రవి. ముందు వైపు బంగారు రంగు అక్షరాల అచ్చు కనిపిస్తుంది. 1906లో విక్టర్ కంపెనీ విక్ట్రోలాతో బూరను పెట్టె లోపలికి మడిచి పెట్టేసింది. అప్పటి నుంచి గ్రామఫోన్ యంత్రంగానే కాక, హాల్లో పెట్టుకునే బీరువా లాంటి ఫర్నిచర్‌గా కూడా మారింది. కొలంబియా గ్రాఫోనోలాలు, ఎడిసన్ డిస్క్ యంత్రాలు కూడా అదే దారి పట్టాయి. మహాగని, ఓక్, వాల్‌నట్ కర్రలు ఎక్కువగా వాడారు.

ఇలాంటి పెద్ద పెట్టెల్లో పైకి కనిపించే అందమైన కర్ర చాలాసార్లు పల్చని వినీర్ పొర. కింద మామూలు కర్ర ఉంటుంది. రెండిటినీ కలిపింది జంతువుల చర్మం, ఎముకల నుంచి తీసిన జిగురు. ఆ జిగురు నీళ్లకు, వేడికి మెత్తబడుతుంది. అందుకే ఈ పనిలో తడి అంటే అంత భయపడాలి. గోరుతో పెట్టె మీద అంతటా మెల్లగా తట్టి చూడండి. బోలుగా మోగిన చోట వినీర్ లేచిందని అర్థం. ఆ చోట్లను గుర్తు పెట్టుకోండి, కానీ జిగురు తక్కువున్న పల్చని టేపుతో కూడా పాలిష్ లేస్తుంది కాబట్టి టేపును పాలిష్‌కు తగలనివ్వకండి. కాగితం మీద పెట్టె బొమ్మ గీసుకుని అందులో రాసుకుంటే చాలు. ఆ చోట్ల నీళ్ల పని అసలు చేయకూడదు.

కర్రలో సన్నని గుండ్రటి రంధ్రాలు ఉండి, వాటి కింద తాజా పొడి రాలుతుంటే పురుగు ఇంకా లోపల ఉన్నట్టే. ముందు దాని సంగతి చూడాలి, శుభ్రం చేయడం తర్వాత.

పాలిష్ ఏదో తేల్చుకోవడం

పాత పెట్టెల మీద మూడు రకాల పాలిష్‌లు ఎదురవుతాయి. మొదటిది షెల్లాక్, అంటే లక్క పురుగు చెట్ల కొమ్మల మీద వదిలే లక్కను శుద్ధి చేసి స్పిరిట్‌లో కరిగించి పూసేది. రెండోది నూనె, రెసిన్లు కలిపి కాచిన వార్నిష్. మూడోది నైట్రోసెల్యులోజ్ లాకర్, ఇది ఫర్నిచర్‌లో 1920ల నుంచి బాగా వాడుకలోకి వచ్చింది. ఒకే పెట్టెలో కింద షెల్లాక్, పైన వార్నిష్ ఉండొచ్చు. మూతకు ఒకటి, లోపలి అరలకు మరొకటి ఉండొచ్చు.

ఇక్కడ ఒక విషయం నాకెప్పుడూ ముచ్చటగా ఉంటుంది. ఆ రోజుల్లో ఆ యంత్రం మీద తిరిగిన 78 ఆర్‌పీఎం ప్లేట్లలో కూడా షెల్లాక్ ఉంది. రాతి పొడి లాంటివి కలిపి గట్టిపరచినా, అన్నిటినీ పట్టి ఉంచింది లక్కే. పాట పలికే ప్లేటులోనూ, దాన్ని దాచే పెట్టె మీదా ఒకే పురుగు చేసిన పదార్థం. ఇందులో పనికొచ్చే జాగ్రత్త కూడా ఉంది: పెట్టె పాలిష్‌ను కరిగించే స్పిరిట్ ప్లేట్లను కూడా పాడు చేస్తుంది. పని చేసే గదిలో ప్లేట్లు ఉంచకండి.

పరీక్ష కోసం వెనక కాలి లోపలి వైపు, లేదా ఎవరికీ కనిపించని కింది అంచు ఎంచుకోండి. ముందు ఆ చిన్న చోటును మినరల్ స్పిరిట్స్‌తో తుడవాలి. పైన మైనం ఉంటే పరీక్ష తప్పు జవాబు ఇస్తుంది. ఆరాక, పుల్లకు చుట్టిన దూదిని పాలిష్ పనికి వాడే స్పిరిట్‌లో, అంటే ఆల్కహాల్‌లో ముంచి, పిండి, ఒక చుక్క పరిమాణంలో ఆ చోట పదిహేను సెకన్లు ఆనించండి. వేలితో తాకితే బంకగా అంటుకుంటే అది షెల్లాక్. ఏమీ కాకపోతే పక్కన మరో చోట లాకర్ థిన్నర్‌తో అలాగే చేయండి. అప్పుడు మెత్తబడితే లాకర్. రెండిటికీ లొంగకపోతే నూనె వార్నిష్ కావచ్చు, లేదా తర్వాత ఎవరో పూసిన పాలియురెథేన్ కావచ్చు. ముందు ఆల్కహాల్, తర్వాతే థిన్నర్. లాకర్ థిన్నర్ షెల్లాక్‌ను కూడా మెత్తబరుస్తుంది కాబట్టి ఈ వరస మారిస్తే ఏదీ తేలదు.

పేర్ల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. "స్పిరిట్" అంటే ఆల్కహాల్, షెల్లాక్‌ను కరిగించేది. "మినరల్ స్పిరిట్స్" అంటే పెయింట్‌ను పల్చన చేసే పెట్రోలియం ద్రవం, దాన్నే మినరల్ టర్పెంటైన్ అని కూడా అంటారు. ఇది షెల్లాక్‌ను ముట్టుకోదు. పేర్లు దగ్గరగా ఉన్నా పని పూర్తిగా ఎదురు. "థిన్నర్" అనే మాట ఇంకా ప్రమాదం. ఆ పేరుతో మినరల్ టర్పెంటైన్ ఇచ్చినా ఇవ్వొచ్చు, లాకర్‌ను కరిగించే ఎన్‌సీ థిన్నర్ ఇచ్చినా ఇవ్వొచ్చు. డబ్బా మీద ఏం రాసి ఉందో మీరే చదవండి. ఇంటికి తెచ్చాక సీసాలకు పెద్ద అక్షరాలతో చీటీలు అంటించండి.

విప్పాల్సినవి విప్పండి

ముందు అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసుకోండి, ప్రతి మర, ప్రతి బందు కనిపించేలా. తర్వాత బ్రేకు వదిలి, కీ మొత్తం దిగిపోయేదాకా ప్లేటు తిరిగే పళ్లేన్ని తిరగనివ్వండి. బిగిసి ఉన్న స్ప్రింగు చేతి వేళ్లను విరగ్గొట్టగలదు. ఆ బలం పూర్తిగా దిగకుండా మోటారు జోలికి వెళ్లకూడదు.

కీ ఇచ్చే హ్యాండిల్ సాధారణంగా ఎడమకు తిప్పితే ఊడుతుంది. పళ్లెం పైకి లేపితే వస్తుంది, కొన్నిటికి చిన్న క్లిప్పు ఉంటుంది. సౌండ్ బాక్స్, అంటే సూదిని పట్టుకుని శబ్దం పలికించే గుండ్రటి భాగం, తీసి మెత్తటి గుడ్డలో చుట్టి వేరే గదిలో పెట్టండి. దాని లోపలి అభ్రకం రేకు చిన్న దెబ్బకు కూడా పగులుతుంది. బూర ఆధారాలు, చేతి భాగాలు కొన్ని పాట్ మెటల్ అనే చవక మిశ్రమ లోహంతో పోత పోసినవి, వయసుతో పెళుసుబారి ఉంటాయి. అవి రాకపోతే బలవంతం చేయకండి, అలాగే వదిలి చుట్టూ శుభ్రం చేసుకోవచ్చు.

పిడులు, తాళం రేకులు, బందులు తీయగలిగితే తీయండి. వాటి మీద బంగారు పూత ఉంటే బ్రాసో లాంటి పాలిష్ అసలు రుద్దకండి. ఆ పూత చాలా పల్చన, నాలుగు రుద్దులకు పోతుంది. మర తల అరిగిపోయి తిరగకపోతే రేకు కింద పల్చని ప్లాస్టిక్ ముక్క దూర్చి పని చేసుకోండి. ముందున్న జాలీ వెనక గుడ్డ ఉంటే, అది ముట్టుకుంటేనే చిరిగేంత పాతదై ఉంటుంది. జాలీని తీసి పక్కన పెట్టడమే మేలు. పళ్లెం మీది ఫెల్ట్ గుడ్డకు తడి తగిలితే రంగు దిగుతుంది.

కావలసినవి

తెల్లటి పాత నూలు గుడ్డలు ఎక్కువ కావాలి. రంగు గుడ్డ అయితే మురికి వస్తోందా, పాలిష్ వస్తోందా తెలియదు. దూది, వెదురు పుల్లలు, రెండు మెత్తటి బ్రష్‌లు, మినరల్ స్పిరిట్స్, డిస్టిల్డ్ వాటర్, ఏ రంగూ వాసనా లేని న్యూట్రల్ లిక్విడ్ సబ్బు, నైట్రైల్ గ్లౌజులు, మంచి వెలుతురు. బ్రష్‌కు ఉన్న రేకు భాగం చుట్టూ టేపు చుట్టేస్తే పెట్టెకు గీతలు పడవు.

కిటికీలు తెరిచి పని చేయండి. దగ్గరలో పొయ్యి, దీపం, సిగరెట్ ఏదీ ఉండకూడదు. వాడిన గుడ్డల్ని ఉండ చుట్టి మూల పడేయకండి, బయట పరిచి ఆరబెట్టండి. నూనె పట్టిన గుడ్డలు, ముఖ్యంగా అవిసె నూనెవి, వాటంతట అవే వేడెక్కి అంటుకుంటాయి. పాత పెట్టె నుంచి వచ్చే జిడ్డులో ఏ నూనె ఉందో మనకు తెలియదు కదా.

మొదట పొడి పని

బ్రష్‌తో దుమ్మును కదిలిస్తూ, దగ్గరలో వాక్యూమ్ గొట్టం పట్టుకుని లాగించేయండి. గొట్టం కర్రకు తగలకూడదు. గొట్టం మూతికి పల్చని గుడ్డ కడితే ఊడిన చిన్న కర్ర ముక్కలు లోపలికి పోవు. అలాంటి ముక్క ఎంత చిన్నదైనా దాచుకోండి, తర్వాత అంటించవచ్చు. పాలిష్ పొలుసులుగా రాలుతున్న చోట బ్రష్ కూడా పెట్టకండి.

బూజు ఉంటే మాస్క్ పెట్టుకుని, పెట్టెను బయట నీడలో ఉంచి, పొడి బ్రష్‌తోనే దులపండి. తడి గుడ్డతో తుడిస్తే బూజు గింజలు కర్ర రంధ్రాల్లోకి వెళ్తాయి. దుమ్ము పూర్తిగా పోకుండా తడి పని మొదలుపెట్టకూడదు, ఆ దుమ్మే ఉప్పు కాగితంలా పాలిష్‌ను గీస్తుంది.

మినరల్ స్పిరిట్స్‌తో జిడ్డు తీయడం

పనిలో ఎక్కువ భాగం ఇక్కడే అయిపోతుంది. మినరల్ స్పిరిట్స్ మైనాన్ని, నూనెను, జిడ్డును కరిగిస్తుంది. బాగా గట్టిపడిన పాత షెల్లాక్‌కు, వార్నిష్‌కు, లాకర్‌కు దాని వల్ల హాని ఉండదు. అయినా కనిపించని చోట పరీక్షించాకే మొదలుపెట్టండి.

అరచేయంత చోటు మాత్రమే ఒకసారి చేయండి. ముందు వైపుతో కాక, పక్క వైపు కింది భాగంతో మొదలుపెడితే చెయ్యి కుదురుకుంటుంది. గుడ్డను ముంచి, చుక్క కారనంతగా పిండి, కర్ర ఈనెల దారిలో మెల్లగా తుడవండి. ఒత్తిడి వద్దు. ద్రవం జిడ్డును నానబెట్టడానికి కొన్ని సెకన్లు ఇవ్వండి. తర్వాత వెంటనే పొడి గుడ్డతో ఎత్తేయండి. ఈ రెండోదే అసలు శుభ్రం. తడి గుడ్డ జిడ్డును కరిగిస్తుంది, పొడి గుడ్డ దాన్ని బయటికి తెస్తుంది. పొడి గుడ్డ ఆలస్యమైతే కరిగిన జిడ్డు ఆరిపోయి మళ్లీ అక్కడే అంటుకుంటుంది, చారలు పడతాయి.

గుడ్డ మురికైన ప్రతిసారీ మడత మార్చండి. అదే మడతతో పక్క చోటు తుడిస్తే ఇక్కడి మురికిని అక్కడికి పూసినట్టే. చెక్కుడు పనిలో, గాడిల్లో గుడ్డ చేరదు, అక్కడ పుల్లకు దూది చుట్టి, రుద్దకుండా దొర్లించండి. దొర్లిస్తే మురికి దూదిలోకి ఎక్కుతుంది, రుద్దితే కర్రలోకి దిగుతుంది.

మొదటి గుడ్డలకు గోధుమ రంగు చూసి చాలామంది కంగారు పడతారు, పాలిష్ ఊడి వస్తోందేమో అని. మినరల్ స్పిరిట్స్ షెల్లాక్‌ను కరిగించదు కాబట్టి, వస్తున్నది దాదాపుగా పాత మైనం, నూనె, పొగ. పసుపు పచ్చగా, తారులా వస్తే పొగాకు పొగ అయ్యే అవకాశం ఎక్కువ. మూడు నాలుగు సార్లు చేశాక గుడ్డకు రంగు తగ్గిపోతుంది. అప్పుడు ఆపి, రాత్రంతా ఆరనివ్వండి. మర్నాడు పగటి వెలుతురులో చూస్తే, చాలా పెట్టెలకు ఇంతకు మించి ఏమీ అక్కర్లేదని తెలుస్తుంది.

సబ్బు నీళ్లు, అవసరమైతేనే

మినరల్ స్పిరిట్స్‌కు లొంగని మురికి కొంత ఉంటుంది: చెమట, తీపి మరకలు, ఈగల మరకలు, మసిలో కొంత భాగం. వీటికి నీళ్లే మందు. కానీ నీళ్లు షెల్లాక్‌ను తెల్లబరుస్తాయి, వినీర్ జిగురును మెత్తబరుస్తాయి. అందుకే గుడ్డ తడిగా కాదు, కేవలం చెమ్మగా ఉండాలి.

అర లీటరు డిస్టిల్డ్ వాటర్‌లో మూడు నాలుగు చుక్కల న్యూట్రల్ సబ్బు చాలు. నురుగు రావక్కర్లేదు. దూదిని ముంచి గట్టిగా పిండి, మళ్లీ పొడి గుడ్డలో నొక్కి, అప్పుడు పెట్టె మీద దొర్లించండి. అరచేతిలో సగం చోటు తీసుకోండి. వెంటనే ఉత్త డిస్టిల్డ్ వాటర్ చెమ్మతో ఒకసారి, పొడి గుడ్డతో ఒకసారి. మొత్తం అర నిమిషంలో అయిపోవాలి.

అమోనియా, వాషింగ్ సోడా, వంటింటి క్లీనర్లు వద్దే వద్దు. షెల్లాక్ క్షారానికి కరుగుతుంది. ఘాటైన సబ్బుతో "ఎంత మురికి వస్తోందో" అని సంతోషపడుతుంటే, వస్తున్నది పాలిషే కావచ్చు.

చిన్న మరకలకు ఇంకో దారి ఉంది, వినడానికి వింతగా అనిపించినా మ్యూజియంలలో పనిచేసేవాళ్లు నిజంగా వాడేదే: ఉమ్మి. దూదిని నాలుకకు తగిలించి ఒకసారి దొర్లిస్తారు, ఆ దూదిని మళ్లీ నోటికి తగలనివ్వరు. ఉమ్మిలో ఉండే అమైలేజ్ అనే ఎంజైమ్ ఇందులో సాయపడుతుంది. ఈ విషయం మీద పోర్చుగల్ పరిశోధకులు చేసిన పనికి 2018లో ఇగ్ నోబెల్ బహుమతి కూడా వచ్చింది. ఈగ మరక లాంటి గింజంత చోటుకు ఇది చాలా బాగా పనిచేస్తుంది. తర్వాత డిస్టిల్డ్ వాటర్ చెమ్మతో తుడవాలి.

హ్యాండ్ క్లీనర్ క్రీమ్ గురించి

గ్రామఫోన్లు సేకరించేవాళ్లలో బాగా ప్రచారంలో ఉన్న పద్ధతి ఇది. మెకానిక్‌లు చేతి గ్రీజు పోవడానికి వాడే తెల్లటి క్రీమ్, అందులో ఇసుక లాంటి రాపిడి పొడి కలవనిది. జిడ్డును అద్భుతంగా పట్టి లేపుతుంది, అందులో సందేహం లేదు. కానీ నా అభిప్రాయంలో ఇది మూడో అస్త్రం, మొదటిది కాదు. కొన్ని క్రీముల్లో క్షార గుణం ఉంటుంది, నీళ్లు ఉంటాయి. షెల్లాక్ మీద ఎక్కువసేపు ఉంచితే పైపొర మెత్తబడుతుంది.

వాడాల్సి వస్తే వేలితో పల్చగా రాసి, గుండ్రంగా మెల్లగా కదిపి, నిమిషం దాటకుండా తుడిచేయండి. తర్వాత మినరల్ స్పిరిట్స్ గుడ్డతో రెండుసార్లు తుడిచి క్రీమ్ మిగలకుండా చూడండి. పిడి చుట్టూ, మూత ముందు అంచు దగ్గర, అంటే చేతులు పడిన చోట్ల ఇది ఎక్కువ ఉపయోగం. అచ్చులున్న చోట మాత్రం దరిదాపుల్లోకి రానివ్వకండి.

నా చేతిలో ఒకసారి ఇలా జరిగింది. క్రీమ్ ఉన్న గుడ్డ అంచు బంగారు అక్షరాలకు తగిలింది. ఒక్కసారే, వేలి బరువుతో. ఆ అక్షరం కింది గీత గుడ్డకు వచ్చేసింది. బంగారంలా కనిపించేది చాలాసార్లు పల్చని కంచు పొడి రంగు, దాన్ని పట్టి ఉంచేది సన్నని వార్నిష్ పొర. అది పోతే తిరిగి రాదు. కొత్త అచ్చులు దొరుకుతాయి గానీ అవి కొత్తవేనని ఎవరికైనా తెలిసిపోతుంది. అందుకే ఇప్పుడు నేను పని మొదలుపెట్టకముందే అచ్చు చుట్టూ రెండు వేళ్ల వెడల్పు వదిలి, ఆ గీత దాటకూడదని నియమం పెట్టుకున్నాను. ఆ లోపల ఉన్న చోటును పొడి బ్రష్‌తో దులిపి, అంచులో పరీక్షించాకే, మినరల్ స్పిరిట్స్ అంటిన దూదిని ఒక్కసారి దొర్లించి ఆపేస్తాను. కొంచెం మసకగా మిగిలినా అక్షరం ఉంటుంది.

లోపల అంటించిన పేటెంట్ కాగితాలు, నంబరు రేకులు కూడా ఇంతే. కాగితానికి పొడి బ్రష్ తప్ప ఇంకేదీ వద్దు. నంబరు రేకు మీది నల్ల రంగు ఆల్కహాల్‌కు లేచిపోవచ్చు. ఆ నంబరు ద్వారానే యంత్రం ఎప్పటిదో తెలుస్తుంది.

ఎక్కడ ఆపాలి

చాలా పెట్టెలు పాడయ్యేది మురికి వల్ల కాదు, ఆపకపోవడం వల్ల. కాబట్టి ఆపడానికి గుర్తులు తెలుసుకోండి.

గుడ్డకు నలుపు, బూడిద రంగు వస్తే మురికి. సబ్బు నీళ్లో, క్రీమో వాడుతున్నప్పుడు ఎర్రగానో, తేనె రంగులోనో నునుపైన రంగు వస్తూ, చెయ్యి కింద కొంచెం బంక తగిలితే పాలిష్ వస్తోంది. ఆ క్షణమే ఆపి పొడి గుడ్డతో ఎత్తేయండి, ఒక రోజు ముట్టుకోకండి. మెరుపు తగ్గి ఒకచోట మాత్రం పొడిపొడిగా కనిపించినా అదే సంగతి.

మూత ఎత్తే చోట, తలుపు పిడి దగ్గర ఏళ్ల చెమట పాలిష్‌లోకి ఇంకి, పాలిష్, జిడ్డు ఒకటైపోయి ఉంటాయి. అక్కడ పూర్తి శుభ్రం అనేది ఉండదు. చుట్టుపక్కల రంగుతో దాదాపు కలిసిపోయిందనిపిస్తే చాలు. చెక్కుడు పని లోతుల్లో కొంచెం నలుపు వదిలేయండి. ఆ నీడ వల్లే చెక్కుడు ఎత్తుపల్లాలు కంటికి తెలుస్తాయి. అన్నీ తోమేస్తే కొత్తగా అచ్చు పోసిన బొమ్మలా వెలవెలబోతుంది. ఎండ పడి వెలిసిన వైపును తోమితే రంగు రాదు, అది మురికి కాదు.

పగుళ్లు, తెల్ల మచ్చలు

పాలిష్ మొసలి చర్మంలా గీతలు గీతలుగా విడిపోయి, ఆ గీతల్లో మురికి దూరి ఉంటే 0000 నంబరు స్టీల్ ఊల్‌ను (అతి సన్నని ఉక్కు పీచును) మినరల్ స్పిరిట్స్‌లో ముంచి, ఈకతో నిమిరినంత తేలిగ్గా ఒకటి రెండుసార్లు లాగవచ్చు. తర్వాత స్టీల్ ముక్కలు ఒక్కటి కూడా మిగలకుండా వాక్యూమ్ చేయాలి. ఓక్ కర్రలో టానిన్ ఎక్కువ. చిక్కుకున్న ఇనుప ముక్కకు చెమ్మ తగిలితే నల్లటి చుక్కలు పడతాయి. ఓక్ అయితే నేను స్టీల్ ఊల్ వాడను.

పాలిష్ షెల్లాక్ అని పరీక్షలో తేలితే, ఆ పగుళ్లను ఆల్కహాల్‌తో మెత్తబరచి మళ్లీ కలిపే పద్ధతి ఉంది. చేయి తిరగని వాళ్లు ముందు వైపు దీన్ని ప్రయత్నించవద్దు. వెనక కాలి మీద సాధన చేయండి. నీళ్లు తక్కువున్న మంచి ఆల్కహాల్ మెత్తటి బ్రష్‌తో ఒకే ఒక్కసారి, ఆగకుండా, వెనక్కి రాకుండా పూయాలి. వర్షపు రోజుల్లో చేస్తే గాలిలో తేమకు తెల్లబడుతుంది.

పాలిష్ పల్చబడిన చోట కొత్త షెల్లాక్ పూత వేయాలంటే 100 మిల్లీలీటర్ల ఆల్కహాల్‌కు 12 గ్రాముల షెల్లాక్ రేకులు కరిగించి, వడకట్టి, ముడి కట్టిన గుడ్డతో పల్చగా పూయండి. షెల్లాక్ కరిగించాక నిలవ ఉండే కొద్దీ ఆరే గుణం తగ్గుతుంది. పాత సీసా అయితే ముందు గాజు మీద ఒక చుక్క వేసి, గట్టిగా ఆరిందో లేదో చూసుకోండి.

నీళ్ల గ్లాసు పెట్టిన తెల్లటి వలయం చాలాసార్లు పైపొరలోనే ఉంటుంది. వారం రోజులు పొడి గదిలో ఉంచితే కొంత దానంతట అదే తగ్గుతుంది. మిగిలితే, ఆల్కహాల్ ఆవిరి మాత్రమే తగిలినంతగా పిండిన గుడ్డను దాని మీదుగా రివ్వున ఒకసారి లాగాలి. షెల్లాక్ మీద మాత్రమే. నల్లటి మచ్చ అయితే నీరు కర్రదాకా దిగింది, దాన్ని పైపైన తుడిచి తీయలేం.

చివర్లో మైనం

శుభ్రం చేశాక పెట్టె కొంచెం వెలిసినట్టు కనిపించడం మామూలే. అవిసె నూనె, టర్పెంటైన్, వెనిగర్ కలిపి పూయమనే పాత చిట్కా వింటారు. దాని జోలికి పోకండి. అవిసె నూనె పూసిన రోజు బాగుంటుంది, తర్వాత ఏళ్లు గడిచేకొద్దీ నల్లబడుతుంది, దుమ్మును పట్టుకుంటుంది, గట్టిపడ్డాక తీయడం మహా కష్టం. మనం ఇప్పుడు ఇంత కష్టపడి తీసిన నలుపులో ఎంతో కొంత అలాంటి నూనెదే. సిలికాన్ ఉన్న స్ప్రే పాలిష్‌లు కూడా వద్దు. రేపు ఎప్పుడైనా షెల్లాక్ పూయాల్సి వస్తే, సిలికాన్ ఉన్న చోట పూత చేప కళ్లలా గుంటలు పడుతుంది.

తేనెమైనం, కార్నోబా మైనం కలిసిన ముద్ద మైనం చాలు. మ్యూజియంలలో వాడే మైక్రోక్రిస్టలైన్ మైనం ఇంకా మంచిది. బ్రిటిష్ మ్యూజియంలో రూపొందిన రినైసాన్స్ వ్యాక్స్ ఈ రకందే. ఘాటైన థిన్నర్ వాసన వచ్చే మైనాలు షెల్లాక్‌ను మెత్తబరచవచ్చు, వాటిని పక్కన పెట్టండి. పెద్ద రంధ్రాలున్న ఓక్‌కు, ముదురు వాల్‌నట్‌కు ముదురు రంగు మైనం తీసుకోండి. తెల్ల మైనం ఆ రంధ్రాల్లో ఎండి తెల్ల చుక్కలుగా కనిపిస్తుంది.

శుభ్రం చేశాక ఒక రోజంతా ఆరనిచ్చి, గుడ్డకు బఠాణీ గింజంత మైనం తీసుకుని, కనిపించీ కనిపించనంత పల్చగా పూయండి. పావుగంట ఆగి, మెత్తటి నూలు గుడ్డతో మెరుపు వచ్చేదాకా తుడవండి. చేతికి జారుడుగా, అంటుకోకుండా తగలాలి. అంటుకుంటుంటే మైనం ఎక్కువైంది, మళ్లీ పొడి గుడ్డతో తీసేయండి. ఏడాదికి ఒకసారి ఈ పని చాలు, మిగతా రోజుల్లో పొడి గుడ్డతో దుమ్ము తుడుస్తూ ఉంటే సరిపోతుంది.

పిడులు, బందులు ఫొటోలు చూసుకుంటూ బిగించండి. పాత మరలను పాత రంధ్రాల్లోనే, చేతి బలంతోనే బిగించాలి. పెట్టెను ఎండ నేరుగా పడని గోడ వైపు పెట్టండి, ఎందుకంటే ఎండకు షెల్లాక్ రంగు వెలిసిపోతుంది. తలుపులు, మూత రెండు రోజులు తెరిచి ఉంచండి. లోపల మినరల్ స్పిరిట్స్ వాసన పూర్తిగా పోయాకే సౌండ్ బాక్స్ తిరిగి పెట్టి, ప్లేట్లను వాటి అరలో సర్దండి.